కంప్యూటర్‌లో గొంతు: రికార్డింగ్ నుంచి ఎడిటింగ్ దాకా

గాలిలో పుట్టే కదలికే ధ్వని. గొంతులోని స్వరతంత్రులు కంపించినప్పుడు వాటిని ఆనుకున్న గాలి ఒక క్షణం దగ్గరగా ఒత్తుకుంటుంది, మరుక్షణం పలచబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు అలలుగా సాగి కర్ణభేరిని తాకుతాయి. గాలి సెకనుకు ఎన్నిసార్లు ఇలా ఊగితే అన్ని హెర్ట్జ్‌లు. పడుచు వయసులో చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ వింటుంది. వయసు మీదపడే కొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది. గాలిలోని ఈ ఊగులాటను అదే తీరులో ఊగే విద్యుత్తుగా మార్చడమే మైకు పని. అయితే కంప్యూటర్‌కు కావలసింది అంకెలు. విద్యుత్తు అంకెలుగా ఎలా మారుతుందో తెలిస్తే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సగం సెట్టింగులు అర్థమైనట్టే.

సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీసి కదలికను పట్టుకుంటుంది. అలాగే కంప్యూటర్‌లో ఉండే ఒక చిప్పు మైకు నుంచి వచ్చే విద్యుత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. ఒక్కో కొలత ఒక శాంపిల్. సెకనుకు ఎన్ని కొలతలు తీసుకుంటే అది శాంపిల్ రేటు. ఎన్ని కొలతలైతే చాలు అన్న ప్రశ్నకు అమెరికా ఇంజనీరు హ్యారీ నైక్విస్ట్ 1928లో పునాది వేశాడు, క్లాడ్ షానన్ 1949లో గణితపరంగా తేల్చి చెప్పాడు. పట్టుకోవాల్సిన కంపనాల్లో అన్నిటికంటే వేగమైనది ఏదో చూసి, దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అలా కొలిస్తే ఆ కొలతల నుంచి అసలు అలను తిరిగి గీయవచ్చు. తక్కువసార్లు కొలిస్తే, తెరమీద బండిచక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించే భ్రమే ధ్వనిలోనూ కలుగుతుంది. అసలు లేని స్వరాలు వినబడతాయి. అందుకే హద్దు దాటిన కంపనాలను కొలతకు ముందే వడగట్టేస్తారు.

మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ హద్దు కాబట్టి 40,000కు పైన ఏ రేటైనా చాలు. మరి సీడీకి 44,100 అనే వింత అంకె ఎందుకు వచ్చింది? సీడీలు 1982లో బజారులోకి వచ్చాయి. అంతకుముందు డిజిటల్ ధ్వనిని దాచడానికి వీడియో క్యాసెట్ యంత్రాలను వాడేవారు. టీవీ బొమ్మలోని ఒక్కో గీత మీద 3 శాంపిళ్లు పట్టేవి. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో ఫీల్డు అనే ఒక్కో అరబొమ్మలో ఇందుకు వాడిన గీతలు 245, సెకనుకు 60 ఫీల్డులు. వీటిని 3తో గుణిస్తే 44,100. యూరప్, భారతదేశం పాటించిన పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు; మూడుతో గుణిస్తే మళ్లీ 44,100. రెండు పద్ధతులకూ కుదిరిన ఆ అంకే స్థిరపడిపోయింది. సినిమా, వీడియో రంగంలో మాత్రం 48,000 వాడతారు. వీడియోకు జతచేయాల్సిన గొంతు అయితే 48,000, కేవలం వినడానికైతే 44,100 ఎంచుకుంటే సరిపోతుంది. 96,000 పెడితే గొంతు మరింత బాగుంటుందన్న నమ్మకం కొత్తవాళ్లలో బలంగా ఉంది. మాటకూ పాటకూ దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఫైలు మాత్రం రెట్టింపు అవుతుంది.

రెండో సెట్టింగు బిట్లకు సంబంధించినది. ప్రతి కొలతనూ ఎంత సూక్ష్మంగా రాయాలో ఇది చెబుతుంది. 16 బిట్లలో 65,536 మెట్లు ఉంటాయి, 24 బిట్లలో కోటీ 67 లక్షలకు పైగా. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్ వ్యాప్తిని ఇస్తుంది. అంటే అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 16 బిట్లలో దాదాపు 96 డెసిబెల్స్, 24 బిట్లలో 144 డెసిబెల్స్ ఎడం దొరుకుతుంది. శాంపిల్ రేటు విషయంలో దుబారా అనిపించినది ఇక్కడ నిజంగా పనికొస్తుంది. 24 బిట్లలో రికార్డు చేస్తే గొంతు కాస్త మెల్లగా పడినా తర్వాత పెంచుకోవచ్చు, అడుగున ఉండే గరగర అంతగా పైకి తేలదు. అందుకే రికార్డింగ్ 24 బిట్లలో చేసి, వినేవాళ్లకు ఇచ్చే ఫైలును 16 బిట్లకు దించడం మంచి పద్ధతి.

టేపు కాలంలో ఎడిటింగ్ అంటే నిజంగానే కోత. మాట ఎక్కడ మొదలవుతుందో చేత్తో రీలు ముందుకూ వెనక్కూ తిప్పి విని, టేపు మీద పెన్సిలుతో గుర్తుపెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అంటుటేపుతో అతికించేవారు. రేడియో కేంద్రాల్లో ఈ పని చేసినవాళ్ల చెవులు అసాధారణంగా పదునెక్కేవి. కోత తప్పితే సరిదిద్దడం కష్టం. కంప్యూటర్ ఈ భయాన్ని తీసేసింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డాన్నెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి 2000లో విడుదల చేసిన ఆడాసిటీ ఈ పనిని సామాన్యుల చేతికి తెచ్చింది. అది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిటిలోనూ పనిచేస్తుంది. యాపిల్ కంప్యూటర్లలో గ్యారేజ్‌బ్యాండ్ ఉంటుంది. పూర్తి స్థాయి సంగీతం చేసేవాళ్లు రీపర్, క్యూబేస్, ప్రో టూల్స్ వంటివి వాడతారు. కథ చదవడానికో, పాట పాడించుకోవడానికో, పాఠం చెప్పడానికో ఆడాసిటీ ధారాళంగా సరిపోతుంది. ఇక్కడి వివరాలన్నీ దాన్నే దృష్టిలో పెట్టుకున్నవి, మిగతా వాటిలోనూ పేర్లు కొద్దిగా మారతాయి తప్ప పని అదే.

సామగ్రి సంగతికి వస్తే, గత పదేళ్లలో కొన్న ఏ కంప్యూటరైనా గొంతు రికార్డింగ్‌ను అవలీలగా చేస్తుంది. ఖర్చు పెట్టాల్సింది మైకు మీద. ల్యాప్‌టాప్‌లో ఉండే మైకు గదినంతా వింటుంది, కీబోర్డు టకటకలనూ లోపలి ఫ్యాను చప్పుడునూ కూడా పట్టేస్తుంది. యూఎస్‌బీ మైకులో అంకెల మార్పిడి చిప్పు లోపలే ఉంటుంది కాబట్టి తీగ గుచ్చితే చాలు. సభల్లో కనిపించే రకం మైకులను డైనమిక్ మైకులంటారు. ఇవి మొరటు వాడకానికి తట్టుకుంటాయి, నోటికి దగ్గరగా ఉన్నదాన్నే ఎక్కువగా వింటాయి. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకులు చాలా సున్నితం. వీటిలో ఎక్కువ భాగం 48 వోల్టుల సరఫరా కోరతాయి, అది ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె నుంచి అందుతుంది. వీధి గోల వినబడే ఇంట్లో ఖరీదైన కండెన్సర్ కంటే మామూలు డైనమిక్ మైకే మంచి ఫలితమిస్తుంది. పక్క సందులో కూరగాయల బండి కేక కూడా కండెన్సర్‌కు స్పష్టంగా వినబడుతుంది మరి. ఇక చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వింటూ ఎడిట్ చేసినవాళ్లకు అడుగు శ్రుతిలో ఉండే హోరు తెలియనే తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది గది మీద. కొత్తవాళ్లు అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేదీ అదే. మన ఇళ్లలో గచ్చు, టైల్సు, సున్నం గోడలు ధ్వనిని పీల్చుకోవు, తిప్పికొడతాయి. నోటి నుంచి నేరుగా వచ్చిన మాట మైకును తాకిన కొద్ది మిల్లీసెకన్లకే గోడల నుంచి తిరిగొచ్చిన నకళ్లు దాన్ని చేరతాయి. ఖాళీ గదిలో మాట డొల్లగా వినబడటానికి కారణమిదే. ఈ మోత ఒకసారి రికార్డులోకి ఎక్కితే దాన్ని పూర్తిగా విడదీయడం చాలా కష్టం. విడదీసే పనిముట్లు ఉన్నాయి, కానీ అవి గొంతును కూడా కొంత కొరుక్కుతింటాయి. కాబట్టి ముందే అడ్డుకోవాలి. పరుపు, బొంతలు, బట్టలతో నిండిన బీరువా, పుస్తకాల అరలు ఉన్న చిన్న పడకగది చాలా ఇళ్లలో దొరికే చక్కని స్టూడియో. మాట్లాడేవాళ్లు గోడవైపు కాకుండా గది మధ్యవైపు తిరగకూడదా అని చాలామంది అడుగుతారు. ఎటు తిరిగినా, చాలా మైకులు తమకు ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా వింటాయి, అంటే మాట్లాడే మనిషి వీపు వెనక ఉన్న గోడ మైకుకు ఎదురుగా ఉన్నట్టే. అందుకే మొదటి దుప్పటి ఆ వెనక గోడకు వేలాడదీయాలి.

ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గదికి దూరంగా ఉండాలి. ఎండాకాలంలో ఇది కష్టమే. అందుకే తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో రికార్డింగ్ పెట్టుకోవడం మేలు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌తో నడుస్తుంది. తీగల్లో లోపముంటే 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర సన్నటి హోరు రికార్డులోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపితే ఈ హోరు చాలాసార్లు మాయమవుతుంది.

మైకు నోటికి ఒక జానెడు దూరంలో ఉంటే మంచిది. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి దగ్గరికి జరిగిన కొద్దీ గొంతు పైకి తేలుతుంది, గది వెనక్కి పోతుంది. మరీ దగ్గరైతే చాలా మైకుల్లో మంద్రస్వరం ఉబ్బి గొంతు బరువెక్కుతుంది. తెలుగులో ఇంకో చిక్కు ఒత్తక్షరాలు. ప, బ పలికినప్పుడే పెదవుల నుంచి గాలి తోసుకొస్తుంది, ఫ, భ లకైతే చెప్పనే అక్కరలేదు. ఈ గాలి నేరుగా మైకును తాకితే ధబ్బుమన్న చప్పుడు పడుతుంది. మైకును నోటికి సూటిగా కాక కొద్దిగా పక్కకు, నోటి మూలకు గురిపెట్టినట్టు ఉంచితే గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం మైకుకు చేరుతుంది. మధ్యలో పాప్ ఫిల్టర్ అనే సన్నటి జాలీ పెడితే ఇంకా మంచిది. శ, ష, స లు బుస్సుమనే గొంతుకూ ఈ పక్కచూపే మందు.

ఇప్పుడు స్థాయి సరిచూడాలి. సాఫ్ట్‌వేర్‌లోని మీటరు మీద సున్నా డెసిబెల్స్ అంటే అంకెల పైకప్పు. దాన్ని దాటడానికి పై మెట్లు లేవు. గట్టిగా పలికిన మాట పైకప్పును గుద్దుకుంటే అల శిఖరాలు చదునుగా తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చిరిగినట్టు వినబడే ఆ ధ్వనిని పూర్తిగా బాగుచేయడం కుదరదు. కాబట్టి చదవబోయే భాగంలో అన్నిటికంటే గట్టిగా పలికే వాక్యాన్ని ముందు చదివించి, దాని శిఖరం మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య ఉండేట్టు చూసుకోవాలి. మాట్లాడేవాళ్లు పరీక్షకు మెల్లగా మాట్లాడి, అసలు రికార్డింగ్‌లో ఉత్సాహం వచ్చి గొంతు పెంచుతారు. ఆ పెంపుకు చోటు వదలాలి. విండోస్‌లో మైకు సెట్టింగుల్లో గొంతును తనంతట తానే పెంచి తగ్గించే, చప్పుడును అణిచే సదుపాయాలు ఉంటాయి. ఫోను సంభాషణలకు అవి మంచివే కానీ రికార్డింగ్‌కు ముందు ఆపేయాలి. ఒక్క మైకుతో తీసే గొంతుకు స్టీరియో అవసరం లేదు, మోనో చాలు. స్టీరియో ఎంచుకుంటే ఒకే మాట రెండుసార్లు నిల్వ అవుతుంది.

రికార్డు బటన్ నొక్కాక మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. గది నిశ్శబ్దమే ఆ పది సెకన్లలో రికార్డు కావాలి. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దం కాదు, ప్రతి గదికీ తనదైన సన్నటి ఊపిరి ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండు చోట్ల దాని అవసరం పడుతుంది. చదువుతూ తడబడితే రికార్డింగ్ ఆపనక్కరలేదు. ఒకసారి చప్పట్లు కొట్టి, క్షణం ఆగి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదవాలి. తడబడిన మాట దగ్గర నుంచి చదివితే స్వరం కలవదు, అతుకు తెలిసిపోతుంది. చప్పట్లు తెర మీద నిటారు గీతలా కనిపిస్తాయి కాబట్టి తప్పు ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు. పాటైతే చరణం మొదటికి వెళ్లాలి. పెద్ద వయసు వాళ్లు పాడే పెళ్లిపాటలో, దంపుళ్ల పాటలో రికార్డు చేస్తున్నప్పుడు మాత్రం ఈ పద్ధతి వద్దు. మధ్యలో ఆపితే వాళ్లకు వరస తప్పుతుంది. దగ్గుతో సహా పాట సాంతం పాడనిచ్చి, ఇంకోసారి పాడమని అడగడమే మర్యాద.

రికార్డయిన ధ్వని తెర మీద ఎగుడుదిగుడు పట్టీలా కనిపిస్తుంది. లావుగా ఉన్నచోట గొంతు పెద్దది, గీతలా ఉన్నచోట మౌనం. ఎడిటింగ్‌కు దిగే ముందు అసలు ఫైలును వేరేచోట భద్రపరచి, నకలు మీదే పని చేయాలి. ఎప్పుడైనా వెనక్కి రావడానికి కంట్రోల్, జెడ్ మీటలు ఉన్నాయి, కానీ ప్రాజెక్టు మూసేశాక ఆ సదుపాయం ఉండదు.

మొదటి పని తప్పుల తొలగింపు. ఎక్కడ కోయాలన్నదే ఇందులోని నేర్పు. కాగితం మీద పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉంటుంది, పలుకులో అది ఉండదు. తెలుగులో సంధి వల్ల పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ‘ఎక్కడున్నాడు’ అన్నప్పుడు ‘ఎక్కడ’ ఎక్కడ ముగిసిందో తెర మీద చూపడం ఎవరితరమూ కాదు. కాబట్టి పదాల మధ్య కాక, ఊపిరి తీసుకునే చోట, వాక్యం విరిగే చోట కోయాలి. తప్పనిసరై వాక్యం లోపల కోయాల్సివస్తే క, చ, ట, త, ప లతో మొదలయ్యే పదం ముందు కోయాలి. ఈ హల్లులు పలికే ముందు నోటిలో గాలి దారి ఒక క్షణం పూర్తిగా మూసుకుంటుంది, ఆ చిన్న మౌనంలో కోత దాగిపోతుంది. ద్విత్వాక్షరాలతోనూ జాగ్రత్త అవసరం. ‘అక్క’, ‘చెప్పు’, ‘పెట్టె’ వంటి మాటల నడుమ తెర మీద స్పష్టమైన ఖాళీ కనిపిస్తుంది. అది రెండు మాటల మధ్య విరామం కాదు, మాటలో భాగం. మౌనాలను తనంతట తానే కుదించే సదుపాయం వాడేవాళ్లు కనీస వ్యవధిని మరీ తక్కువగా పెడితే ఈ ఖాళీలు కూడా కుదించుకుపోయి ‘అక్క’ కాస్తా ‘అక’ అవుతుంది.

ఇంకో సంగతి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ‘వచ్చాడు’, ‘చూశాను’ అన్నప్పుడు చివరి ‘ఉ’ ఒక్కసారిగా ఆగదు, పలచబడుతూ గదిలో కలిసిపోతుంది. పట్టీ గీతలా సన్నబడగానే మాట అయిపోయిందనుకుని కోస్తే ఆ తోక తెగి మాట కొరికేసినట్టు వినబడుతుంది. కంటిని నమ్మి కోసిన కోతల్లో సగం ఇలాగే చెడతాయి. హెడ్‌ఫోన్లలో తోక మొత్తం వినబడటం ఆగాకే కోయాలి. కోసిన చోట టిక్కుమన్న చప్పుడు వస్తే, అల సున్నా గీతను దాటుతున్న చోట కాక మధ్యలో కోత పడిందని అర్థం. ఆడాసిటీలో కోయాల్సిన భాగాన్ని ఎంచి జెడ్ మీట నొక్కితే అంచులు సున్నా దగ్గరికి జరుగుతాయి. ఊపిరులన్నిటినీ తీసేయాలని కొందరికి ఉబలాటం. తీసేస్తే వినేవాళ్లకే ఊపిరాడనట్టు ఉంటుంది. మరీ పెద్దవి తగ్గించి మిగతావి వదిలేయడమే సరి. తీసేసిన చోట పూర్తి మౌనం పెడితే గది ఒక్కసారిగా మాయమైనట్టు తెలుస్తుంది, అక్కడ మొదట్లో రికార్డు చేసిన గది నిశ్శబ్దం నుంచి ఒక ముక్క అతికించాలి.

ఆ నిశ్శబ్దానికి రెండో ఉపయోగం చప్పుడు తగ్గింపులో. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ రెండు దశల్లో సాగుతుంది. మొదట గది నిశ్శబ్దాన్ని మాత్రమే ఎంచి ఇదీ చప్పుడు అని సాఫ్ట్‌వేర్‌కు చూపాలి. తర్వాత మొత్తం ధ్వనిని ఎంచి ఆ పోలికలున్న దాన్ని తగ్గించమనాలి. ఒకే తీరుగా సాగే ఫ్యాను హోరు, కరెంటు హోరు దీనికి లొంగుతాయి. కుక్క మొరగడం, హారన్, కుక్కర్ కూత లొంగవు. 6 నుంచి 12 డెసిబెల్స్ తగ్గింపు చాలు. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు గులగులలాడుతుంది. కాస్త హోరుతో ఉన్న సహజమైన గొంతునే వినేవాళ్లు ఇష్టపడతారు.

తర్వాతి పనులు వేగంగా అయిపోతాయి. 80 హెర్ట్జ్‌కు దిగువన గొంతులో పనికొచ్చేది దాదాపు ఉండదు, లారీ కదలిక, బల్ల అదురు మాత్రమే ఉంటాయి. హై పాస్ ఫిల్టర్‌తో ఆ భాగం తీసేయవచ్చు. చాలా మంద్రమైన మగ గొంతుకు మాత్రం ఆ హద్దును కొంచెం కిందికి దించాలి. కంప్రెసర్ గొంతులోని హెచ్చుతగ్గులను దగ్గరకు తెస్తుంది. దాన్ని మూడుకు ఒకటి నిష్పత్తిలో పెడితే, నిర్ణయించిన గీత దాటాక గొంతు 3 డెసిబెల్స్ పెరిగినప్పుడు బయటికి ఒక్కటే వస్తుంది. బస్సులో వినేవాళ్లకు మెల్లని మాటలు కూడా వినబడేది దీని పుణ్యమే. కథ చదివేటప్పుడు గుసగుసకూ అరుపుకూ మధ్య తేడా కథలో భాగం కాబట్టి, దీన్ని పొదుపుగా వాడాలి.

చివరగా మొత్తం బిగ్గరతనం. శిఖరాలను చూసి గొంతు స్థాయిని అంచనా వేయడం సరికాదు, ఒక్క చప్పట్ల శిఖరం కూడా మీటరును పైకి తోస్తుంది. చెవికి సగటున ఎంత బిగ్గరగా తోస్తుందో కొలిచే కొలమానం లఫ్స్. యూరప్ ప్రసార సంస్థలు తమ కార్యక్రమాలకు మైనస్ 23 లఫ్స్ నియమం పెట్టుకున్నాయి. ఫోన్లలో వినే పాడ్‌కాస్టులకు మైనస్ 16 దగ్గర ఉంచడం వాడుక. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌కు ఈ అంకె ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. ఆ తర్వాత ఏ శిఖరమూ మైనస్ 1ని దాటలేదని సరిచూడాలి.

పూర్తయిన పనిని ఏ రూపంలో దాచాలన్నది మిగిలింది. ఆడాసిటీ ప్రాజెక్టు ఫైలు దానిలోనే తెరుచుకుంటుంది, బయటివాళ్లకు ఇవ్వాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. మైక్రోసాఫ్ట్, ఐబీఎం 1991లో తెచ్చిన వేవ్ ఫైలులో ప్రతి శాంపిలూ యథాతథంగా ఉంటుంది. సీడీ స్థాయి స్టీరియోకు నిమిషానికి కోటీ 5 లక్షల బైట్లకు పైగా, అంటే సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. ఫ్లాక్ అనే రూపం ఏ సమాచారమూ పోగొట్టకుండా దాన్ని చాలాసార్లు సగం దాకా కుదిస్తుంది. ఎంపీ3 పద్ధతి వేరు. ఒక పెద్ద ధ్వని పక్కనే ఉన్న చిన్న ధ్వనిని చెవి పట్టించుకోదు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు, వాళ్లతో పనిచేసినవాళ్లు ఈ బలహీనతను వాడుకుని, వినబడని భాగాలను వదిలేసే పద్ధతిని తీర్చిదిద్దారు. 128 కిలోబిట్ల ఎంపీ3 నిమిషానికి ఒక మెగాబైటు కూడా పట్టదు. వదిలేసింది తిరిగి రాదు కాబట్టి ఎంపీ3ని తెరిచి ఎడిట్ చేసి మళ్లీ ఎంపీ3గా దాస్తే ప్రతిసారీ నాణ్యత ఇంకాస్త తగ్గుతుంది. భద్రపరచడానికి వేవ్ లేదా ఫ్లాక్, పంపడానికి ఎంపీ3 అని విడిగా పెట్టుకోవాలి.

వెనక సంగీతం జోడించాలనుకుంటే అనుమతి చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం భారతదేశంలో ధ్వనిముద్రణకు హక్కు, అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. పాట బాణీకి, సాహిత్యానికి హక్కులు వేరే ఉండవచ్చు. పాడిన మనిషి అనుమతి కూడా మర్చిపోకూడదు. ఫైలు పేరులోనే తేదీ, పాడినవారి పేరు, ఊరు, పాట మొదటి మాట ఉంటే పదేళ్ల తర్వాత తెరిచినవాళ్లకు కూడా అది ఎవరి గొంతో తెలుస్తుంది. ఎడిట్ చేయని అసలు రికార్డు, ఎడిట్ చేసినది, ప్రాజెక్టు ఫైలు మూడూ కలిపి ఒక ఫోల్డరులో పెట్టి, దాన్ని కంప్యూటర్‌లో ఒకటి, విడిగా హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లోనో ఇంటర్నెట్ నిల్వలోనో ఒకటి చొప్పున ఉంచాలి. హార్డ్ డిస్కులు చెప్పకుండా పాడవుతాయి కాబట్టి, ఏడాదికొకసారి మూడు నకళ్లనూ తెరిచి కాసేపు విని చూడాలి.